తోడి చుట్టూ జింకలెందుకు?

అందరికీ నమస్కారం.

తెర మీది బొమ్మను కాసేపు చూడండి. అడవి అంచున ఒక స్త్రీ నిలబడింది. భుజాన రుద్రవీణ, దండెకు రెండు సొరకాయ బుర్రలు. చుట్టూ జింకలు. ఒకటి మెడ చాచి ఆమె ముఖంలోకే చూస్తోంది. రాగాలను మనుషుల రూపంలో చూపే బొమ్మల వరసను రాగమాల అంటారు. ఆ చిత్రాల్లో తోడి రాగిణి, అంటే రాగానికి భార్యగా ఊహించిన స్త్రీ, ఈమే. పైన పేరు రాయకపోయినా, వీణ, జింకలు కనిపిస్తే తోడి అని పోల్చుకోవచ్చు.

ఈ జింకలు ధ్యానశ్లోకం నుంచే, అంటే రాగం రూపాన్ని వర్ణించే శ్లోకం నుంచే, వచ్చాయి. మంచులా, మొల్లపూవులా తెల్లని మేను, కుంకుమపువ్వు, కర్పూరం పూత, వనం అంచున వీణతో లేడిని అలరించే తోడి అని శ్లోకం వర్ణిస్తుంది. పంటకు కాపలా ఉన్న పడుచులు జింకలు చేలో పడకుండా ఈ రాగం పాడేవారని ఒక కథ కూడా ఉంది. మాగనూరు, కృష్ణా మండలాల వైపు నుంచి వచ్చినవాళ్లకు ఈ కథ వివరించి చెప్పాలా? కృష్ణజింకల మంద పత్తి చేలో పడితే రైతుకు ఎంత టెన్షనో మీకే బాగా తెలుసు. నాకు ఈ బొమ్మ మీద ఇంత మమకారం అందుకే.

సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకు ఒక్క మాట. బొమ్మ చూసి మన కర్ణాటక తోడి అందుకోకండి. ఇవాళ్టి హిందుస్తానీ తోడి స్వరాలు మన శుభపంతువరాళికి దగ్గర. పైగా రాగాల రూపం శతాబ్దాలుగా మారుతూ వచ్చింది. బొమ్మలో వెతకాల్సింది రాగపు వేళ, రుతువు, భావం. మేఘరాగంలో వాన, హిందోళంలో ఉయ్యాల, లలితలో తెల్లవారుజామున నిద్రపోతున్న ప్రియురాలిని విడిచి వెళ్లే నాయకుడు. ఆరు రాగాలు, ఒక్కో రాగానికి అయిదుగురు రాగిణులు, మొత్తం 36 బొమ్మలు. ఎక్కువగా కనిపించే లెక్క ఇది.

రాగమాల అనగానే రాజస్థాన్ అనేస్తారు. మేవాడ్‌లో సాహిబ్దీన్ 1628లో వేసినవి గొప్పవే, కాదనను. కానీ అంతకుముందే, 16వ శతాబ్దం చివర్లో, దక్కన్‌లో రాగమాలలు వేశారు. 18వ శతాబ్దంలో హైదరాబాద్‌లోనూ వేశారు. 1784-85లో అక్కడ రెసిడెంట్‌గా, అంటే నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా, ఉన్న రిచర్డ్ జాన్సన్ సేకరణలో చేరిన హైదరాబాదీ రాగమాల ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. పాలమూరుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో పుట్టిన బొమ్మల గురించి మన పిల్లలకు ఎవరూ చెప్పకపోతే ఎలా?

డ్రాయింగ్ టీచర్లు, సంగీతం టీచర్లు వేర్వేరు గదుల్లో పాఠం చెబుతున్నారు. నెలకొక్కసారైనా పిల్లలను కలిపి కూర్చోబెట్టండి. మంచి ప్రింట్ ఒకటి గోడకు పెట్టి, ముందు శ్లోకం చదివించండి, తర్వాత బొమ్మ చూపించండి, ఆఖరున రాగం వినిపించండి.