క్రైస్తవులని ముందు పిలిచిందెవరు?

కరుణ: అందరికీ వందనాలు. పెరంబూరులో మా చిన్నాన్న వాళ్ళింట్లో కూర్చుని రికార్డ్ చేస్తున్నాం. మధ్యలో లోకల్ ట్రైన్ హారన్ వినిపిస్తే సర్దుకోండి. చిన్నాన్న ఇక్కడి తెలుగు సంఘంలో చాలా కాలంగా బైబిల్ స్టడీ నడుపుతున్నారు. చిన్నాన్నా, వాట్సాప్‌లో ఒకామె అడిగిన ప్రశ్నతో మొదలుపెడదాం. "క్రైస్తవుడు అంటే చిన్న క్రీస్తు అని మా పాస్టరుగారు చెప్పారు, నిజమేనా?" అని.

చిన్నాన్న: ఆ మాట నేనూ చాలా ప్రసంగాల్లో విన్నాను. ఆ భావంలో తప్పేం లేదులేమ్మా, క్రీస్తును పోలి నడుచుకోమనే చెప్తున్నారు. కానీ ఆ పేరు అలా పుట్టలేదు. గ్రీకులో అది క్రిస్టియానోస్. చివర ఉన్న ఆ "యానోస్" లాటిన్ నుంచి వచ్చింది. రోము నాయకుడు పాంపే పక్షం వాళ్ళని పాంపేయాని అనేవాళ్ళు, సీజరు మనుషుల్ని కైసరియాని అనేవాళ్ళు. మన బైబిల్లోనే ఉంది చూడు, మార్కు మూడో అధ్యాయంలో హేరోదీయులు. అంటే హేరోదు రాజు మనుషులు, అంతేగానీ చిన్న హేరోదులు కాదు కదా!

కరుణ: (నవ్వు) ఒక్క హేరోదుకే తట్టుకోలేకపోయారు జనం.

చిన్నాన్న: అదీ! మన మద్రాసులో ఒకప్పుడు "వాళ్ళు ఎం.జి.ఆర్. మనుషులు" అనేవాళ్ళు చూడు, ఆ వరస. క్రీస్తు పక్షం వాళ్ళు, క్రీస్తుకు చెందినవాళ్ళు అని. నన్నడిగితే దీన్ని మన తెలుగు మాట ఇంకా చక్కగా పట్టుకుంది. శివుణ్ణి కొలిచేవాడు శైవుడు, విష్ణువును కొలిచేవాడు వైష్ణవుడు, బుద్ధుడి దారిలో నడిచేవాడు బౌద్ధుడు. అదే వ్యాకరణంతో క్రీస్తు వాడు క్రైస్తవుడు. శైవుడంటే చిన్న శివుడని ఎవరూ అనరు కదా.

కరుణ: ఇది బాగుంది. నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు. సరే, అసలు చోటికి వెళ్దాం. అపొస్తలుల కార్యములు 11:26. "మొట్టమొదట అంతియొకయలో శిష్యులు క్రైస్తవులనబడిరి." అనబడిరి సరే, అన్నదెవరు?

చిన్నాన్న: ఆ పుస్తకం రాసిన లూకా చెప్పలేదు. అందుకే ముందు ఆ ఊరేమిటో చూడాలి. అంతియొకయ ఇప్పుడు టర్కీలో ఉంది, అంతాక్య అంటారు. 2023 ఫిబ్రవరి భూకంపంలో ఆ ఊరు చాలా భాగం నేలమట్టమైంది, వార్తల్లో చూసుంటావు. క్రీస్తుకు 300 ఏళ్ళ ముందు సెలూకస్ అనే రాజు కట్టించాడు. అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడు, మన చంద్రగుప్త మౌర్యుడితో తలపడి, తర్వాత సంధి చేసుకున్నవాడు.

కరుణ: అబ్బో, ఆయనేనా!

చిన్నాన్న: ఆయనే. అపొస్తలుడు పౌలు కాలానికి అది రోము సామ్రాజ్యంలో రోము, అలెగ్జాండ్రియాల తర్వాత చెప్పుకునేంత పెద్ద ఊరు. సిరియా గవర్నరు ఉండేదీ అక్కడే. గ్రీకులు, సిరియా వాళ్ళు, రోము సైనికులు, యూదులు అందరూ ఉన్న ఊరది. యెరూషలేములో స్తెఫనును రాళ్ళతో కొట్టి చంపాక విశ్వాసులు చెదిరిపోయారు కదా, వాళ్ళలో కొందరు అక్కడికొచ్చారు. మొదట యూదులకే చెప్పారు. కుప్ర అంటే సైప్రస్ నుంచి, ఉత్తర ఆఫ్రికాలోని కురేనే నుంచి వచ్చిన కొందరు మాత్రం గ్రీకు వాళ్ళతోనూ మాట్లాడటం మొదలుపెట్టారు. వాళ్ళ పేర్లు లేవు, గమనించావా? అంత పెద్ద పని చేసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

కరుణ: పేరు గురించి మాట్లాడుకుంటూ పేర్లు లేని వాళ్ళ దగ్గరికొచ్చాం.

చిన్నాన్న: ఆ సంగతి తెలిసి యెరూషలేము సంఘం బర్నబాను పంపింది. ఈ బర్నబా అనేదీ పెట్టిన పేరే. అసలు పేరు యోసేపు, హెచ్చరిక పుత్రుడు అనే అర్థంతో అపొస్తలులు పెట్టారు. ఆయన వచ్చి చూసి, ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదనుకుని తార్సుకు వెళ్ళి సౌలును, అదే మన పౌలును, వెతికి పట్టుకొచ్చాడు. ఇద్దరూ ఏడాది పాటు అక్కడే బోధించారు. ఈ పేరు మాట సరిగ్గా దాని తర్వాతే వస్తుంది.

కరుణ: అంటే ఆ ఏడాదిలో ఏదో జరిగింది.

చిన్నాన్న: జరిగింది. యెరూషలేములో వీళ్ళు యూదుల్లో ఒక తెగ, అంతే. దేవాలయానికి వెళ్తారు, యూదుల్లాగే కనిపిస్తారు, వేరే పేరు అక్కర్లేదు. అంతియొకయలో యూదుడు, గ్రీకువాడు ఒకే బల్ల దగ్గర కూర్చుని తినడం మొదలైంది. పేతురు అక్కడే తినీ తినక తడబడితే పౌలు మొహం మీదే నిలదీశాడని గలతీ పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. చూసే ఊరి జనానికి వీళ్ళు యూదులా అంటే కాదు, గ్రీకులా అంటే కాదు. మరి ఎవరు? ఎప్పుడు చూసినా క్రీస్తు, క్రీస్తు అంటున్నారు. సరే, క్రీస్తు మనుషులు.

కరుణ: ఎగతాళిగా పెట్టారంటారు కదా?

చిన్నాన్న: అంటారు. అంతియొకయ వాళ్ళకి వెక్కిరింపు బాగా అలవాటని పేరుంది. తర్వాతి కాలంలో జూలియన్ చక్రవర్తి గడ్డం చూసి ఊరంతా ఆటపట్టిస్తే, ఆయన 363లో దానికి జవాబుగా ఒక పుస్తకమే రాశాడు, గడ్డాన్ని ద్వేషించేవాళ్ళ మీద! కానీ లూకా ఎగతాళి అని ఎక్కడా రాయలేదు. అందుకని నేను అంత దూరం వెళ్ళను. బయటివాళ్ళు పెట్టారన్నంత వరకు మాత్రం గట్టిగా చెప్తాను.

కరుణ: ఎందుకంత గట్టిగా? యూదులు పెట్టి ఉండొచ్చు కదా.

చిన్నాన్న: క్రీస్తంటే ఏమిటి? హీబ్రూ మెస్సీయకు గ్రీకు మాట. అభిషిక్తుడు. యాజకుడు అహరోనుకు, రాజులు సౌలుకు (ఈ సౌలు పౌలు కాదు), దావీదుకు తల మీద నూనె పోసి నియమించారు కదా, అదీ. యేసు మెస్సీయ కాడని వాదించే యూదుడు, ఆయన శిష్యుల్ని "మెస్సీయ వాళ్ళు" అని ఎందుకంటాడు? అన్నాడంటే వాదం ఒప్పుకున్నట్టే. వాళ్ళు వాడిన పేరు వేరు. కార్యములు 24వ అధ్యాయంలో యూదుల తరఫు వకీలు తెర్తుల్లు పౌలు మీద ఫిర్యాదు చేస్తూ "నజరేయుల" తెగ నాయకుడంటాడు. క్రీస్తంటే ఏదో మనిషి పేరనుకునే అన్యజనులే ఈ పేరు పెట్టి ఉంటారు.

కరుణ: మరి వీళ్ళు తమను తాము ఏమనుకునేవాళ్ళు?

చిన్నాన్న: శిష్యులు, సహోదరులు, పరిశుద్ధులు, విశ్వాసులు. "ఈ మార్గము" అనేవాళ్ళు, అది నాకిష్టం. సౌలు దమస్కుకు బయల్దేరింది "ఈ మార్గమందున్న" వాళ్ళను పట్టుకోడానికే. పౌలు రాసిన ఏ పత్రికలోనూ క్రైస్తవుడనే మాటే లేదు, తెలుసా? కొత్త నిబంధన మొత్తం వెతికినా మూడే చోట్ల ఉంది.

కరుణ: పౌలు ఒక్కసారి కూడా వాడలేదా?

చిన్నాన్న: లేదు. పైగా కొరింథులో "నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను, నేను కేఫావాడను, నేను క్రీస్తువాడను" అని ముఠాలు కడితే, క్రీస్తు విభజింపబడి యున్నాడా అని అడిగాడు. మనిషి పేరు పెట్టుకుని పక్షాలు కట్టడం ఆయనకి నచ్చలేదు. ఈ పేరు కూడా ఆయన చెవికి అలాగే వినిపించిందేమో అని నా అనుమానం. అనుమానమే సుమా, దీన్ని ప్రసంగంలో వాడుకోవద్దు ఎవరూ.

కరుణ: (నవ్వు) రికార్డయిపోయింది. మిగతా రెండు చోట్లు?

చిన్నాన్న: ఒకటి కార్యములు 26. కైసరయలో విచారణ. ఫేస్తు గవర్నరు, పక్కన అగ్రిప్ప రాజు, బెర్నీకే, ఆడంబరమంతా ఉంది. పౌలు మాట్లాడుతూ మాట్లాడుతూ ప్రవక్తల్ని నమ్ముతావా అని రాజునే అడిగేశాడు. దానికి అగ్రిప్ప, ఇంత సులభంగా నన్ను క్రైస్తవుణ్ణి చేయ చూస్తున్నావే అన్నాడు. అక్కడా మాట బయటివాడి నోట్లోదే. మూడోది 1 పేతురు నాలుగో అధ్యాయం. దీని మీద కొంచెం ఆగాలమ్మా.

కరుణ: చదువుతాను. "ఎవడైనను క్రైస్తవుడైనందుకు బాధ అనుభవించినయెడల అతడు సిగ్గుపడక, ఆ పేరునుబట్టియే దేవుని మహిమపరచవలెను."

చిన్నాన్న: దాని పై వచనం చూడు. నరహంతకుడు, దొంగ, దుర్మార్గుడు, పరుల జోలికి పోయేవాడు అని ఒక వరస. ఆ వెంటనే క్రైస్తవుడు. నేరాల పట్టీ పక్కనే వచ్చింది ఆ పేరు. ఈ పత్రిక ఎవరికి రాశాడు? పొంతు, గలతియ, కప్పదొకియ, ఆసియ, బితూనియ. గుర్తుపెట్టుకో. 112 ప్రాంతంలో అదే బితూనియ-పొంతుకు ప్లినీ అనే ఆయన గవర్నరుగా ఉన్నాడు. ట్రాజన్ చక్రవర్తికి ఆయన రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. అందులో సందేహం ఏమిటో తెలుసా? శిక్షించాల్సింది ఆ పేరునేనా, లేక ఆ పేరుతో చేసిన నేరాలేమైనా ఉంటే వాటినా అని.

కరుణ: అంటే పేరే నేరం.

చిన్నాన్న: దాదాపు అంతే. తన దగ్గరికి తెచ్చినవాళ్ళని నువ్వు క్రైస్తవుడివా అని అడిగాడు. అవునంటే శిక్ష సంగతి చెప్పి బెదిరించి మళ్ళీ అడిగాడు, మూడోసారీ అడిగాడు. అప్పటికీ అవునన్నవాళ్ళని చంపమన్నాడు. రోము పౌరులైతే రోముకు పంపమన్నాడు. కాదన్నవాళ్ళతో దేవతలకు ధూపం వేయించి, క్రీస్తును తిట్టించి వదిలేశాడు. అసలు వీళ్ళేం చేస్తున్నారని ఆరా తీస్తే, ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిగా కీర్తించి పాట పాడతారు, దొంగతనం చెయ్యం, వ్యభిచరించం అని ఒట్టు పెట్టుకుంటారు అని తేలింది. సంఘంలో పరిచర్య చేసే ఇద్దరు దాసీ స్త్రీలను చిత్రహింస పెట్టి అడిగినా ఇంకేం బయటపడలేదు. నాకు ఆ ఇద్దరి గురించి తలుచుకుంటే... సరే. ట్రాజన్ జవాబేమిటంటే, వెతికి పట్టుకోవద్దు, ఎవరైనా పట్టిచ్చి రుజువైతే శిక్షించు, పేరు లేని ఫిర్యాదులు మాత్రం తీసుకోవద్దు అని.

కరుణ: ఆకాశరామన్న ఉత్తరాలు అప్పుడూ ఉన్నాయన్నమాట. అయితే ఆ పేరు వీళ్ళ సొంతమైంది అక్కడేనా?

చిన్నాన్న: నాకలాగే అనిపిస్తుంది. అంతియొకయలో జనం నోట పుట్టింది, న్యాయస్థానంలో వీళ్ళ నోటికొచ్చింది. నువ్వెవరు అని గవర్నరు అడిగితే "నేను ఈ మార్గమందున్నవాణ్ణి" అని చెప్తే కుదరదు. అవును లేదా కాదు. 64లో రోము తగలబడ్డప్పుడు నీరో నింద మోపింది జనం క్రైస్తవులని పిలిచేవాళ్ళ మీదేనని రోము చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. చూడు, అక్కడా "జనం పిలిచేవాళ్ళు" అనే ఉంది. స్ముర్నలో ముసలి బిషప్ పోలికార్పును పట్టుకున్నప్పటికి, 150ల్లో, "నేను క్రైస్తవుణ్ణి" అన్నది ఆయనే.

కరుణ: మన ఊరికి రండి చిన్నాన్నా. ఇక్కడ తమిళ పల్లెల్లో మనవాళ్ళని వేదక్కారర్ అంటారు కదా. మా అమ్మమ్మ వైపు నెల్లూరులో అయితే కిరస్తానం వాళ్ళు అనేవాళ్ళు.

చిన్నాన్న: కేరళలో నస్రాణీలు. తెర్తుల్లు వాడిన నజరేయుల మాటే అది, సిరియా భాష దారిన వచ్చింది. అక్కడ అది గౌరవమైన పేరు. మన దగ్గర ఇంకోటి ఉండేది, పరంగి. పోర్చుగీసు వాళ్ళని అలా అనేవాళ్ళు. క్రైస్తవులవడమంటే పరంగి కులంలో కలవడమే అన్న మాట మదురై వైపు పాతుకుపోయింది. 1606లో అక్కడికొచ్చిన ఇటలీ మిషనరీ రాబర్ట్ డి నోబిలి దీని మీదే పోరాడాడు. నేను పరంగిని కాను, రోము నుంచి వచ్చాను అని కావి కట్టుకున్నాడు, మాంసం మానేశాడు, తమిళం, సంస్కృతం నేర్చుకున్నాడు. తెలుగూ నేర్చుకున్నాడు.

కరుణ: తెలుగు ఎందుకు?

చిన్నాన్న: మదురై నాయకులు తెలుగువాళ్ళు కదమ్మా! ఆయన పద్ధతి నాకంతా నచ్చదు, పై కులాల వాళ్ళని మెప్పించడానికి కింది వాళ్ళని దూరం పెట్టాల్సొచ్చింది. ఆ చర్చ పెద్దది. 1656లో ఆయన చనిపోయింది మాత్రం మన మైలాపూరులోనే. ఆయన వదిలించుకోవాలనుకున్న మాట ఇంకా ఇక్కడే ఉంది, సెయింట్ థామస్ మౌంట్ స్టేషన్ బోర్డు మీద తమిళంలో ఏముంటుంది?

కరుణ: పరంగిమలై! రోజూ చూస్తూ పోతుంటాను. చిన్నాన్నా, చివరిగా ఇంకో మెసేజ్. పెళ్ళి సంబంధాల్లో "విశ్వాసులా, నామకార్థ క్రైస్తవులా" అని అడుగుతారు, ఈ మాట ఎప్పటి నుంచి అని.

చిన్నాన్న: మాట ఎప్పటిదో గానీ బాధ పాతదే. రెండో శతాబ్దం మొదట్లో అదే అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్‌ను సంకెళ్ళతో రోముకు తీసుకెళ్తుంటే, దారిలో సంఘాలకు ఉత్తరాలు రాశాడు. మగ్నేసియా వాళ్ళకు రాసినదాంట్లో, క్రైస్తవులని పిలిపించుకుంటే సరిపోదు, అయ్యుండాలి అని అన్నాడు. క్రైస్తవం అన్న మాట మనకు దొరికే రాతల్లో మొదట కనిపించేదీ ఆయన దగ్గరే. అయితే పెళ్ళివాళ్ళకి ఇది చెప్పకు, ఆ ప్రశ్న అడిగేవాళ్ళు చాలామంది అసలు అడగాలనుకునేది కట్నం సంగతి.

కరుణ: (నవ్వు) ఇది తీసెయ్యను, ఉంచుతాను. వచ్చే వారం మెస్సీయ గురించే. పారసీక రాజు కోరెషును యెషయా 45లో అభిషిక్తుడని ఎందుకన్నారు అనే ప్రశ్నతో మొదలుపెడదాం. వందనాలు చిన్నాన్నా.

చిన్నాన్న: వందనాలమ్మా. మైకు ఆపి కాఫీ పెట్టు.