అన్నీ తెలిసిన దేవునితో ఏమి మాట్లాడాలి?

ప్రియమైన సహోదరీ సహోదరులారా,

ప్రార్థన గురించి బోధించేటప్పుడు మనం తరచుగా దాటేసే ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మనం అడగకముందే మనకు ఏమి అవసరమో తండ్రికి తెలుసని మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసుప్రభువు స్పష్టంగా చెప్పారు. తెలిసినవానికి మళ్లీ చెప్పుకోవడం ఎందుకు? ఆశ్చర్యమేమిటంటే, సరిగ్గా ఆ తరువాతి వచనంలోనే ఆయన పరలోక ప్రార్థన నేర్పడం మొదలుపెట్టారు. తండ్రికి తెలుసన్న మాట ప్రార్థనను అనవసరం చేయలేదు. దేవుని చెవిని మన వైపు తిప్పుకోవడానికి మాటలు పెంచుకుంటూ పోవాలన్న భయాన్ని మాత్రం తీసివేసింది. ఐదవ శతాబ్దపు తొలినాళ్లలో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్ అగస్టీన్ ప్రోబా అనే వితంతువుకు రాసిన ఉత్తరంలో ఇదే చిక్కును విప్పుతూ, దేవుడు ఇవ్వదలచినదాన్ని అందుకోగలిగేంతగా మన కోరిక ప్రార్థనలో సాధన పొందుతుందని వివరించారు.

అలాగైతే దేవుని సన్నిధికి మనం తీసుకువెళ్లేది సమాచారం కాదు, మనల్నే. సమూయేలు మొదటి గ్రంథంలో, సంతానం లేక కుమారుని కోసం ప్రార్థించిన హన్నాను చూడండి. పెదవులు కదులుతున్నా స్వరం వినబడకపోవడంతో ఆమె మత్తులో ఉందనుకొని యాజకుడైన ఏలీ మందలించాడు. తన ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకుంటున్నానని ఆమె బదులిచ్చింది. ఏలీ దీవెన అందుకొని వెళ్లి ఆమె భోజనం చేసింది, ఆ తరువాత ఆమె ముఖంలో దుఃఖం కనిపించలేదు. అప్పటికి ఆమె కుమారుడు సమూయేలు పుట్టలేదు, పుడతాడన్న ఆనవాలు కూడా లేదు.

కుమ్మరించుకోవడమంటే మంచి మాటలే ఏరి చెప్పడం కాదు. 88వ కీర్తన దేవుణ్ణి రక్షణకర్త అని పిలుస్తూ మొదలై, ఓదార్పు మాట ఒక్కటీ లేకుండా చీకటిలోనే ముగుస్తుంది. అలాంటి కీర్తనను లేఖనాల్లో ఉంచిన దేవుడు మన ఫిర్యాదుకు నొచ్చుకుంటాడని అనుకోనక్కరలేదు. దేవుని మీద అలిగి మౌనంగా తొలగిపోయేవాడి కంటే, ఆయన ఎదుటే నిలబడి మొరపెట్టేవాడు ఆయనకు దగ్గరగా ఉన్నాడని నా అభిప్రాయం.

మన సాక్ష్యాలలో ఒక లోటు ఉంది. స్వస్థత కలిగినవారు, ఉద్యోగం దొరికినవారు లేచి చెబుతారు. అడిగింది దొరకనివారు వెనుక వరుసలో కూర్చొని, తమ విశ్వాసంలోనే ఏదో తక్కువైందేమోనని కుమిలిపోతారు. సిలువకు ముందు రాత్రి యేసుప్రభువు ప్రార్థించిన గెత్సేమనే తోటను వారికి నేను గుర్తుచేస్తాను. ఈ గిన్నెను, అంటే రాబోయే శ్రమను, నా నుండి తొలగించమని కుమారుడే ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ అడిగాడు. గిన్నె తొలగలేదు. తన కోరికను దాచకుండా చెప్పి, తండ్రి చిత్తానికి అప్పగించుకొన్న ఆ రాత్రి వారి బంధం బలహీనపడిందని ఏ క్రైస్తవుడూ అనలేడు. అపొస్తలుడైన పౌలు కూడా తనను బాధించిన, తాను శరీరంలోని ముల్లు అని పిలిచినది తొలగాలని ముమ్మారు వేడుకొని, "నా కృప నీకు చాలును" అన్న జవాబు పొందాడు. కోరినది దొరకకపోయినా సంభాషణ ఆగలేదు.

ఒక విషయం ఇంకా మిగిలింది. దేవునితో నా బంధం నాకూ ఆయనకూ మధ్య మాత్రమేనని అనుకోవడం సులువు. కానీ పరలోక ప్రార్థనలో "నా" అన్న మాట ఎక్కడా లేదు. తండ్రి మన తండ్రి, ఆహారం మన ఆహారం, అపరాధాలు మన అపరాధాలు. పైగా ఆ ప్రార్థన ముగిసిన వెంటనే ప్రభువు వివరించినది క్షమాపణ గురించిన విన్నపం ఒక్కటే: మనుష్యులను క్షమించనివారిని తండ్రి క్షమించడని. అంతకుముందే 5వ అధ్యాయంలో, సహోదరునికి నీ మీద ఏదైనా విరోధం ఉన్నట్టు జ్ఞాపకం వస్తే, అర్పణను బలిపీఠం ఎదుటనే విడిచి, మొదట వెళ్లి సమాధానపడమన్నారు. మోకరించినప్పుడు అలాంటి ముఖమేదైనా మనసులో మెదిలితే, ధ్యానం చెదిరిందని విసుక్కోకండి. దేవుడు మాట్లాడుతున్నది బహుశా ఆ వ్యక్తి గురించే కావచ్చు.