ఇంగో మౌరర్ చేతిలో కొత్త దీపాలు

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది ఇంటీరియర్ డిజైన్ చదువుతున్నవాళ్లే. వాట్లు, ల్యూమెన్ల లెక్కలు ఎలాగూ మీ సిలబస్‌లో ఉంటాయి. అందుకని ఈ అరగంటా ఒక్క డిజైనర్ గురించే మాట్లాడతాను. పేరు ఇంగో మౌరర్. 1932లో జర్మనీలో, కాన్‌స్టాన్స్ సరస్సులోని రైషెనావ్ దీవిలో పుట్టారు. 2019లో మ్యూనిక్‌లో చనిపోయారు. చదువుకున్నది టైపోగ్రఫీ, గ్రాఫిక్ డిజైన్. 1966లో చేసిన తొలి దీపం పేరు ‘బల్బ్’. పెద్ద గాజు బల్బు ఆకారం, దాని లోపల అసలు బల్బు. అంతే!

ఆయన పనిచేసిన కాలంలో మామూలు బల్బు పోయి హాలోజెన్ (లోపల హాలోజెన్ వాయువు ఉండే చిన్న ఫిలమెంట్ బల్బు) వచ్చింది, తర్వాత ఎల్ఈడీ, ఆపైన ఓఎల్ఈడీ, అంటే సేంద్రియ పదార్థపు పలుచని పొరతో వెలిగే ఎల్ఈడీ. కొత్త దీపం వచ్చినప్పుడల్లా దాన్ని పాత దీపం రూపంలో ఇమడ్చాలని చూస్తారు అందరూ. ఎల్ఈడీని సన్నటి పుల్లల్లా పేర్చి, ఫిలమెంట్ బల్బులా కనిపించేలా చేసి కెఫేల్లో వేలాడదీస్తున్నారు చూడండి, అదే ధోరణి. మౌరర్ మాత్రం ఈ కొత్తది చేయగలిగి, పాతది చేయలేని పని ఏమిటా అని వెతికేవారు.

1984లో వచ్చిన ‘యాయాహో’ సంగతి చెబుతాను. హైతీలో ఒక ఊళ్లో, కొత్త సంవత్సరం రాత్రి, ఉత్త తీగలకే బల్బులు తగిలించి ఉండటం ఆయన చూశారట. 230 వోల్టుల మీద ఇంట్లో అలా చేస్తే ప్రాణం పోతుంది. హాలోజెన్ బల్బుల్లో 12 వోల్టులతోనే వెలిగే రకం ఉంది, దాని తీగ ముట్టుకున్నా షాక్ కొట్టదు. అందుకే గదికి ఈ గోడ నుంచి ఆ గోడకి రెండు తీగల్ని పక్కపక్కనే బిగించి లాగారు, పైన తొడుగు లేకుండా. వాటి మీద చిన్న చిన్న దీపాలు. ఎక్కడ కావాలంటే అక్కడికి జరుపుకోవచ్చు. దీనికి ఒక ఖరీదు ఉంది. 50 వాట్ల బల్బుకి 230 వోల్టుల దగ్గర పావు ఆంపియర్ కూడా పట్టదు, 12 వోల్టుల దగ్గర 4 ఆంపియర్లు దాటుతుంది. అలాంటివి నాలుగైదు తగిలిస్తే తీగ లావుగా ఉండాలి, ట్రాన్స్‌ఫార్మర్ గట్టిదై ఉండాలి. అందం చూసి కాపీ కొట్టినవాళ్లు ఈ లెక్క మర్చిపోతే తీగలు వేడెక్కుతాయి. మీరూ జాగ్రత్త.

ఎల్ఈడీ దగ్గరికి వద్దాం. 1997లోనే ‘బెల్లిస్సిమా బ్రుట్టా’ అనే దీపంలో వాడారు. అప్పటికి ఎల్ఈడీ అంటే టీవీ మీద వెలిగే ఎర్ర చుక్క అనే అనుకునేవారు. ఓఎల్ఈడీ చుక్కలా కాకుండా పలకలా వెలుగుతుంది కాబట్టి 2008లో ‘ఎర్లీ ఫ్యూచర్’ టేబుల్ ల్యాంప్‌ని పలకలతోనే కట్టారు.

నాకు బాగా ఇష్టమైంది 2012 నాటి ‘మై న్యూ ఫ్లేమ్’. మోరిట్జ్ వాల్డెమేయర్ అనే డిజైనర్‌తో కలిసి చేశారు. నిలబెట్టిన సన్నటి సర్క్యూట్ బోర్డు, దాని పైభాగంలో మొత్తం 256 బుల్లి ఎల్ఈడీలు. నిజమైన కొవ్వొత్తి జ్వాల కదలికను వాటి మీద ఆడిస్తారు. ఇది కూడా పాతదానికి నకలే కదా అని మీరు అడగొచ్చు, అడగాలి కూడా. నకలే. కానీ మైనం బొమ్మ చేసి కొవ్వొత్తినని నమ్మించదు. బోర్డు బోర్డులానే కనిపిస్తూ ఉంటుంది, దాని మీద మంట ఊగుతూ ఉంటుంది. నాకు ఆ తేడా చాలు.

ఇంత కొత్తదనం ఇష్టపడ్డ మనిషే 2009 సెప్టెంబరులో యూరప్‌లో పాత బల్బుల్ని దశలవారీగా ఆపడం మొదలుపెడితే గొడవకి దిగారు. ముందుగా పాలగాజు బల్బుల అమ్మకం ఆగింది, తేట గాజువి కొంతకాలం మిగిలాయి. వెంటనే తేట బల్బుకి తొడిగితే పాలగాజులా మెత్తటి వెలుగిచ్చే సిలికాన్ తొడుగు ఒకటి తెచ్చి ‘యూరో కండోమ్’ అని పేరు పెట్టారు. నవ్వండి, నవ్వడానికే పెట్టారు.

దాని వెనక నిజమైన బాధ ఉంది. ఫిలమెంట్ బల్బుకి కరెంటు తగ్గిస్తే వెలుగు తగ్గుతూ, ఎర్రబడుతూ వస్తుంది. మామూలు తెల్ల ఎల్ఈడీ అలా కాదు. నీలి చిప్ మీద పసుపు ఫాస్ఫర్ (నీలి వెలుగులో కొంత భాగాన్ని పసుపుగా మార్చే పదార్థం) పూత పూసి తెలుపు రప్పిస్తారు కాబట్టి డిమ్మర్ తిప్పినా రంగు మారదు, గది మాత్రం బూడిద పూసినట్టవుతుంది. డిమ్ చేస్తే రంగు కూడా వెచ్చబడే రకాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. క్లయింట్‌కి డిమ్మర్ పెట్టించేటప్పుడు అవి అడిగి తీసుకోండి.

మ్యూనిక్ మెట్రోలో వెస్ట్‌ఫ్రీడ్‌హోఫ్ స్టేషన్ ఫొటోలు వీలైతే చూడండి. గోడల్ని నున్నగా చేయకుండా తవ్వినప్పటి గరుకుతోనే వదిలేశారు. ప్లాట్‌ఫామ్ పైన 11 పెద్ద గిన్నెల్లాంటి దీపాలు బోర్లించి వేలాడదీశారు, ఒక్కోటి దాదాపు 4 మీటర్ల వెడల్పు. లోపలివైపు ఎరుపు, పసుపు, నీలం రంగులు. గిన్నె కింద నిలబడితే ఒక రంగులో ఉంటాం, రెండడుగులు వేస్తే మసకలోకి వెళ్తాం. మన హైదరాబాద్, విజయవాడ ఫ్లాట్లలో పరిస్థితి చూడండి. ఫాల్స్ సీలింగ్ నిండా డౌన్‌లైట్లు, అన్నీ 6500 కెల్విన్ తెలుపు, అంటే నీలి ఛాయ ఉన్న చల్లటి తెలుపు (కెల్విన్ అంకె వెలుగు రంగుకి కొలత). మూల మూలకీ ఒకే వెలుగు. సోఫాలో కూర్చున్న అమ్మమ్మ మొహం పాస్‌పోర్ట్ ఫొటోలా ఉంటుంది. ‘బ్రైట్‌గా ఉండాలండీ’ అంటారు క్లయింట్లు, కాదనలేం. అయినా సగం తీసేయించి, చదువుకునే చోట ఒకటి, గోడ మీద ఒకటి పడేలా చూడండి, అదీ 3000 కెల్విన్ వెచ్చటి వెలుగులో.

చివరిగా ఒక్క విషయం, కొనేముందు అడగాల్సింది. 1992లో మౌరర్ చేసిన ‘లుచెల్లీనో’, బాతు ఈకల రెక్కలున్న బల్బు, మూడు దశాబ్దాలు దాటినా అమ్ముడవుతోంది. బల్బు కాలం చెల్లాక దానికి ఎల్ఈడీ వచ్చి చేరింది, రెక్కలు అలాగే ఉన్నాయి. ఈరోజు మనం కొనే దీపాల్లో చాలావాటికి ఎల్ఈడీ లోపలే అతికించి ఉంటుంది. చిప్ పోయినా, డ్రైవర్ (ఎల్ఈడీకి సరిపడా కరెంటు అందించే భాగం) కాలినా దీపం మొత్తం చెత్తబుట్టలోకే. షాపులో డిజైన్ నచ్చగానే వెనక్కి తిప్పి చూడండి, స్క్రూలు ఉన్నాయా, డ్రైవర్ విడిగా దొరుకుతుందా అని అడగండి. షాపతను విసుక్కుంటాడు, పర్లేదు.

ఇక మీ ప్రశ్నలు.