పాత ట్రాక్టర్‌లో ఆర్‌పీఎం ముల్లు కదలట్లేదా? కొత్త మీటర్ కొనకముందు ఇది చూడండి

నమస్తే అండి. ఇదిగో, ఇంజిన్ నడుస్తోంది, రేజ్ కూడా బానే ఇచ్చాను. ముల్లు చూడండి... సున్నా దగ్గర నుంచి లేవట్లేదు. బండి మాసీ 1035, పాతది, సింప్సన్ మూడు సిలిండర్ల ఇంజిన్. మీది ఇదే కానక్కర్లేదు. ఇంజిన్ నుంచి మీటర్‌కి కేబుల్ వెళ్లే ఏ పాత బండికైనా పద్ధతి ఇదే. ఇంజిన్ దగ్గర ఒక కొస, డ్యాష్‌బోర్డులో ఒక కొస, మధ్యలో తిరిగే వైరు. అంతే, కరెంటుతో పని లేదు.

షాపుకెళ్లి ముల్లు కదలట్లేదు అంటే ముందు మీటర్ మార్చమంటారు. మార్చొద్దు. జబ్బు ఎక్కడుందో మీటరే చెప్తుంది. బుజ్జీ, కెమెరా దగ్గరికి తే. ఈ అంకెలు కనపడుతున్నాయా? ఇది గంటల మీటర్. ముల్లుకీ, ఈ అంకెలకీ తిరుగుడు ఒక్క కేబుల్ నుంచే వస్తుంది. అంకెలు తిరుగుతూ ముల్లు కదలకపోతే కేబుల్‌లో ఏం లేదు, రోగం మీటర్ లోపల. ముల్లు ఆడుతూ అంకెలు ఆగిపోతే లోపల చిన్న పళ్ల చక్రం అరిగింది, అదీ మీటర్‌లోనే. రెండూ చచ్చాయా, అప్పుడు కేబుల్ మీదో, ఇంజిన్ దగ్గర దాన్ని తిప్పే డ్రైవ్ మీదో అనుమానపడాలి.

ఇక్కడ ఒక్క మాట. అంకెలు చూడ్డానికి ఓపిక కావాలి. ఈ చివర వేరే రంగులో ఉన్న అంకె గంటలో పదో వంతు. పని స్పీడు మీద నడిచినా అది ఒకటి మారడానికి ఆరు నిమిషాలు. ఇది గడియారం కాదండీ, ఇంజిన్ చుట్లు లెక్కపెట్టి వాటిని గంటలుగా చూపిస్తుంది. స్లోలో పెడితే ఆ ఆరు నిమిషాలు పదిహేను కూడా అవుతాయి. కాబట్టి స్లోలో వదిలేసి రెండు నిమిషాలు చూసి, కదల్లేదు అనేయకండి. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లూ, మీక్కూడా. కేబుల్ తెగిన రోజే గంటలూ ఆగిపోతాయి. ముల్లు పనిచేయని బండి మీద ఎన్ని గంటలు తక్కువ చూపించినా నమ్మకండి.

సరే, ఇంజిన్ ఆపేద్దాం. డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టేముందు బ్యాటరీ వైరు తీసేయండి. ఆంపియర్ మీటర్ వెనక తాళం తీసినా కరెంటు ఉంటుంది, పానా తగిలితే నిప్పులే. ఇదిగో, ఈ సన్న రాగి గొట్టం హీట్ మీటర్‌ది, దీన్ని వంచకండి. లోపల ఉన్నదంతా సీలు చేసి ఉంటుంది, మడత పడి చీలితే ఆ మీటర్ ఇక పనికిరాదు. ఈ నట్లు తీయడం, డ్యాష్ ముందుకి లాగడం మీకు తెలిసిందే... ఇదిగో, కేబుల్ నట్టు వచ్చేసింది.

ఇప్పుడు బ్యాటరీ వైరు మళ్లీ పెట్టేశాను. గేరు న్యూట్రల్, పీటీఓ, అంటే రోటావేటర్ లాంటివి తిప్పే వెనక షాఫ్ట్, అదీ న్యూట్రల్. బుజ్జీ, స్టాప్ రాడ్ లాగి పట్టుకుని సెల్ఫ్ కొట్టు. ఇంజిన్ అందుకోకూడదు, ఊరికే తిరగాలి. కొస చూడండి... తిరగట్లేదు. తిరగకపోతే ఇన్నర్, అంటే కేబుల్ లోపల తిరిగే వైరు తెగిందో, కింద పట్టు జారిందో. మీటర్ వైపు నుంచే ఇన్నర్ లాగుతున్నా... వచ్చింది, సగమే వచ్చింది. తెగింది. మీకు రెండు కొసలూ బాగుండి మొత్తం ఇన్నర్ వస్తే, ఇంజిన్ దగ్గర నట్టు విప్పి, టార్చ్ కొట్టి డ్రైవ్ లోపల చూడండి. పలకల రంధ్రం గుండ్రంగా అరిగిపోతే వైరు జారుతుంది. సెల్ఫ్ కొట్టినా డ్రైవే తిరగకపోతే అది ఇంజిన్ లోపలి పళ్ల పని, మెకానిక్‌కి చూపించండి.

తెగిన ముక్క పారేయకండి. పలకల కొస ఉన్న వైపు జానెడు కోసి ఉంచండి. ఇప్పుడు దాంతోనే పని. కేబుల్ తెగిందని మీటర్ బాగున్నట్టు కాదు కదా, కొన్నిసార్లు మీటర్ బిగుసుకుపోయే ఇన్నర్ తెగుతుంది. అప్పుడు కొత్త కేబుల్ వేసినా మళ్లీ తెగుద్ది. అందుకని ముందు ఈ ముక్కని మీటర్‌లో పెట్టి వేళ్లతో తిప్పండి. వెన్నలా తిరగాలి. తిరిగిందా, ఇప్పుడు ముక్కని డ్రిల్‌కి బిగించి మీటర్ తిప్పి చూస్తాం.

ఈ డ్రిల్ దగ్గర కాసేపు ఆగుదాం. నన్ను ఒకప్పుడు బాగా తిప్పలు పెట్టిన చోటు ఇదే. డ్రిల్ ఎటు తిప్పాలి? తప్పు వైపు తిప్పితే ముల్లు సున్నా కిందకి పోయి మేకుకి కొట్టుకుంటుంది, బాగున్న మీటర్ కూడా పోయిందనిపిస్తుంది. ఎటో తెలియాలంటే ఇంజిన్ దగ్గర డ్రైవ్ చూడాలి. కేబుల్ తీసేసి, డ్రైవ్‌కి ఎదురుగా కూర్చుని, మళ్లీ స్టాప్ లాగి సెల్ఫ్. గడియారం ముల్లు తిరిగే వైపు తిరిగిందనుకోండి. డ్రిల్ కూడా అటే అనుకుంటాం. కాదు! డ్రిల్ రివర్స్‌లో పెట్టాలి. మళ్లీ చెప్తున్నా, రివర్స్. డ్రైవ్‌ని మనం ఎదురుగా కూర్చుని చూశాం, డ్రిల్‌ని వెనక నుంచి పట్టుకుంటున్నాం. చూసే వైపు మారింది, తిరిగే వైపు కాదు. డ్రైవ్ గడియారానికి ఎదురు తిరిగితే, అప్పుడు డ్రిల్ మామూలుగా, స్క్రూ బిగించే వైపు. ఇంకా అర్థంకాకపోతే ఒక పెన్ను తీసుకుని మొన మీ వైపు పెట్టి తిప్పండి, తిప్పుతూనే మొన అవతలికి మళ్లించి చూడండి, తెలిసిపోద్ది.

స్పీడు మెల్లగా. నేను వైరు లేని బ్యాటరీ డ్రిల్ వాడతా, దీని ట్రిగ్గర్ కొంచెం నొక్కితే కొంచెమే తిరుగుతుంది. కాంక్రీటు డ్రిల్ వద్దు బాబూ, అది ఒకేసారి లేస్తుంది. ఇదిగో నొక్కుతున్నా... లేచింది ముల్లు! వదిలా, కిందకి వచ్చేసింది. మీటర్ దివ్యంగా ఉంది.

కొత్త కేబుల్. పాతదాని పక్కన పరిచి నట్టు నుంచి నట్టుకి కొలవండి. పొడుగెక్కువైతే ఎక్కడో మెలిక పడుతుంది. ఎక్కడా జానెడు కంటే చిన్న గుండ్రంగా వంచకండి, సైలెన్సర్‌కి తగలనివ్వకండి. ఇన్నర్ బయటికి తీసి గ్రీజు పల్చగా పూయండి. కింది నుంచి మొదలుపెట్టి, మీటర్ వైపు జానెడు పొడిగా వదిలేయండి. పూర్తిగా పూస్తే గ్రీజు పైకి పాకి మీటర్‌లోకి పోతుంది. లోపల ఒక అయస్కాంతం తిరుగుతూ, తగలకుండానే అల్యూమినియం గిన్నెని లాగుతుంది, ఆ గిన్నెకే ముల్లు. మధ్యలో గ్రీజు చేరితే అయస్కాంతంతో పాటు గిన్నె కూడా అతుక్కుని తిరగబోతుంది, ముల్లు చివరికంటా పోయి అక్కడే నిలబడుతుంది. అదే ముల్లు స్లోలో వణికి, రేజ్‌లో నిలబడితే, అది గ్రీజు కాదు. కేబుల్ ఎండిందో, మెలిక పడిందో.

ముందు ఇంజిన్ వైపు బిగించండి. తర్వాత మీటర్ వైపు, పలకల కొస రంధ్రంలో కూర్చునేదాకా ఇన్నర్‌ని కొంచెం తిప్పుతూ పెట్టండి. నట్టు చేత్తోనే పూర్తిగా ఎక్కాలి. మధ్యలో గట్టిగా ఆగితే ప్లయర్ తీయకండి, కొస కూర్చోలేదు, విప్పి మళ్లీ పెట్టండి.

స్టార్ట్. లేచింది. ఇక ఇది చూపించేది నిజమా కాదా చూడాలి. మీటర్ ముఖం మీద పీటీఓ గుర్తు ఉందిగా, అక్కడ ఇంజిన్ పెడితే వెనక షాఫ్ట్ నిమిషానికి 540 తిరగాలి. అంటే సెకనుకి తొమ్మిది చుట్లు, కంటితో లెక్కపెట్టలేం. ఈ లైటు కొట్టే డిజిటల్ మీటర్ ఒకటి కొనుక్కోండి, ఖరీదేం కాదు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే షాఫ్ట్ మీద మెరిసే టేపు ముక్క అంటించాలి. రోటావేటర్ తగిలించకుండా, భుజం మీద తువ్వాలు తీసేసి, పక్కన నిలబడి చూడండి. 532 చూపిస్తోంది. ఈ వయసు మీటర్‌కి ఇంత తేడా నేను పట్టించుకోను. 480కి పడితే మాత్రం పీటీఓ గుర్తు మీద ఆధారపడకండి, ముల్లు ఎక్కడున్నప్పుడు 540 వస్తుందో చూసి అద్దం మీద పెయింటుతో చుక్క పెట్టుకుని పని చేసుకోండి.