పెరట్లో రింగాట: అత్తది ఫౌలా, కాదా?

నమస్కారమండీ! వెనకాల వినిపిస్తున్న కేకలు మా ఇంట్లోవే. సింహాచలం అప్పన్న నిజరూప దర్శనానికని విశాఖ వచ్చిన చుట్టాలు సెలవులే కదా అని ఇక్కడే దిగబడిపోయారు. ఏటా ఇదే తంతు. పొద్దున ముంజలు, మధ్యాహ్నం సువర్ణరేఖ మామిడిపళ్లు, ఆపైన కునుకు. ఎండ తగ్గాక పోటీలు.

క్రికెట్ పెడితే పిల్లలదే రాజ్యం. ఏడు పెంకులాట అంటే మోకాళ్ల నొప్పుల బ్యాచ్ కుర్చీలు వెతుక్కుంటుంది. అందుకే నా ఓటు రింగుకి. అదే, రబ్బరు రింగుని నెట్ మీదుగా అటూ ఇటూ విసురుకునే టెన్నికాయిట్! ఓడల డెక్ మీద ప్రయాణికులు ఆడుకున్న ఆట. ఓడరేవు ఉన్న ఊళ్లో ఇది కాక ఇంకేం ఆడతాం చెప్పండి?

అసలు కోర్టు 12.2 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు. మా పెరట్లో అంత చోటెక్కడిది? మామిడిచెట్టుకీ గేటు స్తంభానికీ తాడు కట్టి పాత చీర ఆరేశాం, అదే నెట్. రూల్స్ మాత్రం అసలువే. ఒంటిచేత్తో పట్టాలి, పట్టిన చేత్తోనే వెంటనే విసరాలి. రింగు పైకి లేచి వెళ్లాలి, కిందికి కొట్టకూడదు.

గొడవలన్నీ ఇక్కడే. ఈ ముక్క స్లో మోషన్‌లో చూడండి... అత్త కుడిచేత్తో అందుకుంది, రింగు జారింది, పొట్టకి ఆనించి ఆపేసింది! ఫౌలే కదా? "ఏటి ఫౌలు? కొంగు అడ్డొచ్చిందిరా!" అంటోంది. అంపైర్ ఆవిడ మేనల్లుడు. పాయింట్ ఇచ్చేశాడు. రాత్రికి పులిహోర వడ్డించేది ఆవిడే మరి.

టాస్ గెలిస్తే ఏ వైపు? ఇది మాత్రం సీరియస్ విషయం. పగలు నేల వేడెక్కినంత త్వరగా సముద్రం వేడెక్కదు. నేల మీది వేడిగాలి పైకి లేచేకొద్దీ సముద్రపు గాలి లోపలికి తోసుకొస్తుంది. మనకి హాయే, రింగుకే తిప్పలు. సముద్రం వీపు వైపున్నవాళ్లు కాస్త గట్టిగా విసిరితే గీత దాటిపోతుంది. ఎదురుగా ఉన్నవాళ్లది చీర దాటడమే కష్టం. కాబట్టి గేమ్ గేమ్‌కీ వైపులు మారండి, లేకపోతే ఈ తగువు వచ్చే వేసవి దాకా సాగుతుంది.

బహుమతి పనసపండు. డబ్బు పందెం మా ఇంట్లో నిషేధం. పండు గెలిచినవాళ్లది, కోసి తొనలు తీసే పని ఓడినవాళ్లది. చేతులకి నూనె రాసుకోకుండా దిగితే ఆ జిగురు ఓ పట్టాన వదలదు. మా జట్టులో పనస కోయడం ఒక్కరికీ రాదు. అందుకే ఎలాగైనా గెలవాలి!