ఫ్యాక్టరీ ఇల్లు గట్టిదేనా? అతుకుల దగ్గర చూడండి

[దృశ్యం: క్రేన్ కొక్కేనికి వేలాడుతున్న ఒక గది. కింద పునాది చుట్టూ నలుగురు పనివాళ్లు.]

ఫ్యాక్టరీలో తయారై వచ్చిన ఈ గదిని చూడండి. తలుపుకు వేసిన రంగు ఆరిపోయింది. స్విచ్ బోర్డు బిగించారు. స్నానాల గదిలో టైల్స్ కూడా వేసేశారు. కానీ ఇది ఇంకా నేల మీద వాలలేదు. క్రేన్ మెల్లగా దించుతుంటే, గది ఊగిపోకుండా కిందివాళ్లు తాళ్లతో లాగి పట్టుకున్నారు.

[దృశ్యం: కెమెరా కిందికి దిగుతుంది. పునాదిలోంచి పైకి లేచిన నాలుగు బోల్టులు.]

ఆ బోల్టులు కనిపిస్తున్నాయి కదా? గది అడుగున ఉన్న రంధ్రాలు సరిగ్గా వాటి మీద కూర్చోవాలి. వేలెడు తేడా వచ్చినా మళ్లీ పైకి ఎత్తాల్సిందే. భూకంపంలోనో తుఫానులోనో ఇల్లు పోయి, కట్టుబట్టలతో మిగిలిన కుటుంబానికి ఫ్యాక్టరీ ఇల్లు ఇస్తామన్నప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఇది గట్టిదేనా?" నా జవాబు ఎప్పుడూ ఆ బోల్టుల దగ్గరే మొదలవుతుంది.

ముందు, అసలు ఫ్యాక్టరీ దాకా ఎందుకు వెళ్తారో చెప్తాను. విపత్తు వచ్చిన చోట ఊరంతా ఒకేసారి ఇల్లు కట్టుకోవాలి. మేస్త్రీ దొరకడు, ఎందుకంటే మేస్త్రీ ఇల్లూ కూలి ఉంటుంది. ఇటుక, సిమెంటు, ఇనుము అన్నీ కరువే. మామూలు కట్టుబడిలో పునాది అయ్యాకే గోడ, గోడ అయ్యాకే కప్పు. ఫ్యాక్టరీ పద్ధతిలో ఇక్కడ పునాది తవ్వుతుండగానే, వందల కిలోమీటర్ల దూరంలో, విపత్తు తాకని చోట గది తయారవుతుంటుంది. రెండు పనులూ ఒకేసారి సాగుతాయి కాబట్టి నెలలు కలిసొస్తాయి. వానొచ్చినా పని ఆగదు.

ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి, గోడలనూ కప్పునూ ప్యానెళ్లుగా చేసి పంపి, అక్కడ నిలబెట్టి బిగించడం. రెండోది, ఇందాక చూసినట్టు గదికి గదినే పంపడం. గదిగా పంపితే అక్కడ పని తక్కువ. కానీ వెడల్పు రోడ్డుకు సరిపోవాలి, వంతెన బరువు మోయాలి, క్రేన్ అక్కడిదాకా రావాలి. వరదలో వంతెనే కొట్టుకుపోయిన చోట, లారీలో పేర్చి తీసుకెళ్లగలిగే ప్యానెళ్లే నయం.

[దృశ్యం: 1988 డిసెంబర్ 7, ఆర్మేనియా. లెనినాకాన్ పట్టణం శిథిలాలు.]

ఇక్కడ కాస్త ఆగుదాం. ఇది నన్ను బాగా కలచివేసిన ఉదంతం. ఈ పట్టణాన్ని ఇప్పుడు గ్యుమ్రి అంటారు. ఆ భూకంపంలో ఆ ప్రాంతంలో సుమారు 25,000 మంది చనిపోయారు. పట్టణంలో ఫ్యాక్టరీలో చేసిన ముక్కలతో కట్టిన భవనాలు రెండు రకాలు ఉండేవి. తొమ్మిది అంతస్తుల ఫ్రేమ్ భవనాలు మొదటి రకం: స్తంభాలు, దూలాలు, నేల పలకలు విడివిడిగా పోతపోసి తెచ్చి, అక్కడ అతికించినవి. వాటిలో చాలా భవనాలు అంతస్తు మీద అంతస్తు పడి కుప్పకూలాయి. పెద్ద పెద్ద గోడ ప్యానెళ్లతో పెట్టెలా కట్టినవి రెండో రకం. అవి నిలబడ్డాయి, లోపలున్నవాళ్లు బతికారు.

రెండూ ముందే పోతపోసిన కాంక్రీటే. తేడా అతుకుల్లో ఉంది. ఫ్రేమ్ భవనాల్లో స్తంభాల కడ్డీలకు పని జరిగే చోట వేసిన వెల్డింగ్ నాసిరకం. నేల పలకలను ఒకదానితో ఒకటి, చుట్టూ ఉన్న దూలాలతో గట్టిగా కట్టలేదు. భూమి ఊగగానే పలకలు ఆధారం మీద నుంచి జారిపోయాయి. రెండో రకంలో గోడలే బరువు మోస్తాయి, అతుకు పొడవునా పరుచుకుని ఉంటుంది, బలం ఒక్క బిందువు మీద పడదు. అందుకే "ఫ్యాక్టరీలో చేశారా, చేత్తో కట్టారా" అన్న ప్రశ్నతో ఏమీ తేలదు. ముక్కను ముక్కతో ఎవరు కలిపారు, కలిపాక దాన్ని ఎవరు పరీక్షించారు అని అడగాలి.

[దృశ్యం: ఫ్లోరిడా, 1992 ఆగస్టు. చెల్లాచెదురైన రేకులు, కలప.]

గాలి విషయంలోనూ అంతే. ఆండ్రూ తుఫాను దక్షిణ ఫ్లోరిడాలో చక్రాల చట్రం మీద ఉండే మొబైల్ ఇళ్లను తుడిచిపెట్టింది. అదే తుఫానులో, పునాదికి బిగించిన చెక్క మాడ్యులర్ ఇళ్లు, అంటే గదులుగా తెచ్చి కలిపినవి, మామూలు చెక్క ఇళ్లకన్నా మెరుగ్గా నిలిచాయని తర్వాత పరిశీలించిన ఇంజినీర్లు రాశారు. లారీ మీద కుదుపులకు తట్టుకోవాలని ఆ గదుల్ని ముందే దిట్టంగా చేస్తారు. గదిని గదితో కలిపిన చోట రెండు గోడలు జంటగా నిలబడతాయి. 1994లో అమెరికా ప్రభుత్వం ఆ మొబైల్ రకం ఫ్యాక్టరీ ఇళ్లకు గాలి నిబంధనలు కఠినం చేసింది. 2004లో చార్లీ తుఫాను వచ్చినప్పుడు, కొత్త నిబంధనల ప్రకారం చేసిన ఇళ్లు పాతవాటికన్నా ఎంతో బాగా తట్టుకున్నాయి.

గట్టిగా ఉంటే చాలదు, లోపల గాలి పీల్చుకోగలగాలి. అమెరికాలోనే 2005 కత్రినా తుఫాను తర్వాత లక్షకు పైగా కుటుంబాలను ట్రైలర్లలో, అంటే బండికి తగిలించి లాక్కొచ్చే చక్రాల ఇళ్లలో ఉంచారు. కళ్లు మంటలు, దగ్గు, తలనొప్పి. చౌకరకం చెక్క పలకల జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన విషవాయువు వెలువడుతోందని తేలింది. ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పరీక్షిస్తే సగటున వంద కోట్ల భాగాల్లో 77 భాగాలు ఉంది, మామూలు ఇళ్లలో ఉండేదానికి ఎన్నో రెట్లు. గాలి చొరబడని చిన్న పెట్టె, లోపల కొత్త పలకలు, బయట ఎండ. ఇల్లు పోగొట్టుకున్న మనిషిని అలాంటి పెట్టెలో పడుకోబెట్టడం తప్పు, తొందర అనేది దానికి సాకు కాదు.

[దృశ్యం: జపాన్, కోబె. వరుసగా తాత్కాలిక ఇళ్లు.]

ఇప్పుడు మరో రకం అతుకు, మనుషుల మధ్య ఉండేది. 1995 కోబె భూకంపం తర్వాత 48,300 తాత్కాలిక ఇళ్లు కట్టారు. నెలల్లో ముగిసిన ఆ పనిని మెచ్చుకోవాలి. కానీ ఇళ్లను లాటరీ తీసి, వృద్ధులకు ముందుగా ఇచ్చారు. మంచి ఉద్దేశమే. ఫలితంగా ఏళ్లతరబడి పక్కపక్కన బతికినవాళ్లు తలో దిక్కూ అయ్యారు. తలుపు తట్టేవాళ్లు లేక, ఒంటరిగా చనిపోయినవాళ్లు ఆ తాత్కాలిక ఇళ్లలోనే రెండు వందలకు పైగా ఉన్నారు. రెండేళ్లకని కట్టిన ఇళ్లలోంచి చివరి కుటుంబం వెళ్లింది 2000 జనవరిలో. గ్యుమ్రిలోనైతే, భూకంపం తర్వాత తెచ్చిపెట్టిన డబ్బా ఇళ్లలో దశాబ్దాల తర్వాత కూడా జనం బతికారు. అక్కడ పుట్టిన పిల్లలకు అదే సొంతిల్లు.

2011 సునామీ తర్వాత జపాన్‌లోని ఒనగావాలో మాత్రం ఒక మంచి పని జరిగింది. కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు, చదునైన నేల లేదు. ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ ఒక బేస్‌బాల్ మైదానంలో సరుకు రవాణా కంటైనర్లను మూడంతస్తుల వరకు, చదరంగం బల్లలా ఒక గడి నిండుగా ఒక గడి ఖాళీగా పేర్చాడు. కంటైనర్‌లో పడకగది, స్నానాల గది. ఖాళీ గడిలో అద్దాల వెలుతురుతో హాలు. మొత్తం 189 ఇళ్లు. పక్కనే అంగడి. సామాను నేల మీద పరుచుకోకుండా గోడ పొడవునా అల్మరాలు బిగించారు. ఆ అల్మరాలే నాకు అన్నిటికన్నా నచ్చాయి. ఆ గదిలో మనిషి రోజంతా ఎలా గడుపుతాడో ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించారన్నమాట.

[దృశ్యం: 2024 సెప్టెంబర్, నోటో ద్వీపకల్పం. తాత్కాలిక ఇళ్ల చుట్టూ బురద నీరు.]

ఇది జపాన్‌లోనే, 2024 జనవరి 1 భూకంప బాధితుల కోసం కట్టిన ఇళ్లు. సెప్టెంబర్ కుండపోత వానకు వాజిమాలో కొన్ని మునిగిపోయాయి. ఇళ్లు బాగానే ఉన్నాయి, నిలబెట్టిన నేల వరద ముంపు ప్రాంతం. సురక్షితమైన ఖాళీ జాగా దొరకక అక్కడ పెట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఫ్యాక్టరీ గదిని వారాల్లో చేసివ్వగలదు, నేలను చేసివ్వలేదు.

అందుకే జాగా, నమూనా, ఒప్పందం ఈ మూడూ విపత్తుకు ముందే ఉండాలంటాను. జపాన్‌లో ప్రిఫ్యాబ్ (ముందే ఫ్యాక్టరీలో ఇళ్లు చేసే) కంపెనీల సంఘంతో రాష్ట్రాలు ముందే ఒప్పందాలు చేసుకుని ఉంటాయి. భూమి కంపించాక టెండరు పిలవరు. ఫ్యాక్టరీకి కూడా ఏడాది పొడవునా మామూలు ఆర్డర్లు ఉండాలి, లేకపోతే విపత్తు నాటికి అది మూతపడి ఉంటుంది.

[దృశ్యం: టెక్సస్, రియో గ్రాండె లోయ. చిన్న చెక్క ఇల్లు, పక్కన కొత్తగా లేస్తున్న గోడలు.]

చివరిగా ఈ ఇంటిని చూపిస్తాను. 2008 డాలీ తుఫాను బాధితుల కోసం ర్యాపిడో అనే ప్రయోగంలో 20 కుటుంబాలకు కట్టినవాటిలాంటిది. ముందే చేసిన ప్యానెళ్లతో, వంటగదీ స్నానాల గదీ ఉన్న చిన్న తొలి ఇంటిని రోజుల్లో, ఆ కుటుంబం సొంత జాగాలోనే నిలబెడతారు. తర్వాత నెలల్లో దాని చుట్టూ మిగతా గదులు కలుస్తాయి. తాత్కాలికం కోసం ఒకసారి, శాశ్వతం కోసం ఇంకోసారి డబ్బు పోయడం ఉండదు. ఇరుగుపొరుగు మారరు.

[దృశ్యం: పాత ఇంటి గోడ అంచు, కొత్త గోడ అంచు. మధ్యలో ఒక చెయ్యి బోల్టు బిగిస్తోంది.]

కొత్త గది వచ్చి కలిసే చోటు ఇదే. మొదటి రోజునే ఆ రంధ్రాలు వేసి, మూతలు పెట్టి ఉంచారు.