ఎంత దిగిందో అంతే పోయాలి

హోస్ట్: అన్నా, ఇక్కడ డాలస్‌లో మనవాళ్లు చాలామంది ఇంజిన్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకుంటారు. ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ మార్చడం అనేసరికి మాత్రం టెన్షన్. మీరు మీ 2003 క్యామ్రీకి గరాజ్‌లోనే చేసుకున్నారు కదా?

అతిథి: చేశాను తమ్ముడూ. నిదానంగా చేస్తే ఇంట్లో అయ్యే పనే. ఆ ఎర్ర ఫ్లూయిడ్ ఏం చేస్తుందో తెలిస్తే జాగ్రత్త దానంతట అదే వస్తుంది. లోపల క్లచ్‌లను నొక్కేది దాని ప్రెషరే. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తిని గేర్ల వైపు అందించేదీ అదే. అందుకే రకం తప్పినా, లెవెల్ తప్పినా గేర్లు సరిగా పడవు.

హోస్ట్: రకం ఎలా తెలుసుకోవాలి?

అతిథి: ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. నా బండికి టొయోటా టైప్ టి-ఫోర్. ఆ తర్వాత వచ్చిన చాలా టొయోటాలకు డబ్ల్యూఎస్ అనే రకం. రంగు చూసి పోల్చుకోలేం, సీసా మీద పేరు చదవాల్సిందే.

హోస్ట్: సరే, కారు కిందికి వెళ్దాం.

అతిథి: ఒక్క జాక్‌ను నమ్మి ఎవరూ కిందికి వెళ్లొద్దు. జాక్ స్టాండ్లు వేసి, బండిని ఊపి చూసి, అప్పుడు. ఇంట్లో ఇంకో మనిషి లేకపోతే నేనసలు మొదలుపెట్టను. ఫ్లూయిడ్ గోరువెచ్చగా ఉండాలి, కాలేంత వేడి వద్దు. 10 ఎంఎం అలెన్ కీతో డ్రెయిన్ బోల్టు విప్పితే దాదాపు మూడున్నర లీటర్లు దిగింది. దాన్ని కొలత గీతలున్న డబ్బాలో పోసి రాసి పెట్టుకున్నాను. తర్వాత పాన్, అంటే ఫ్లూయిడ్ నిలిచే అడుగు తొట్టి, విప్పాను. అందులో మిగిలింది, ఫిల్టర్ ఊడదీసినప్పుడు కారింది కూడా ఆ డబ్బాలోనే కలిపాను. ఎంత దిగిందో అంతే పోయాలి, ఈ పనికి ప్రాణం ఆ లెక్కే.

హోస్ట్: పాన్‌లో ఏం కనిపించింది?

అతిథి: మాగ్నెట్ల మీద బూడిదరంగు మెత్తటి పేస్టు. అది మామూలు అరుగుదలే, తుడిచేస్తే సరి. లోహపు ముక్కలు కనిపించినా, ఫ్లూయిడ్ మాడు వాసన కొట్టినా మెకానిక్‌కు చూపించాలి. కొత్త ఫిల్టర్, పాన్ అంచు కారకుండా పెట్టే కొత్త గాస్కెట్ వేశాక నేను తప్పు చేశాను. పాన్ బోల్టులు గట్టిగా బిగించేశాను. మర్నాడు నేల మీద ఎర్ర చుక్కలు! పాన్ అంచు వంగింది. ఆ చిన్న బోల్టులకు 8 న్యూటన్ మీటర్ల లోపు బిగింపే చాలు. అంచు సరిచేసి, ఇంకో గాస్కెట్ వేసి, బిగింపును కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాను. అప్పటి నుంచి చుక్క కారలేదు.

హోస్ట్: పోయడం ఎక్కడి నుంచి?

అతిథి: లెవెల్ చూసే కడ్డీ ఉంటుందే, ఆ డిప్‌స్టిక్ గొట్టంలోంచే, పొడవాటి గరాటు పెట్టి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కిపెట్టి, లివర్‌ను పి నుంచి ఎల్ దాకా ఒక్కో చోట కాసేపు ఆపుతూ తీసుకెళ్లి మళ్లీ పి లోకి తేవాలి. కాస్త తిప్పి వచ్చి, ఇంజిన్ నడుస్తుండగానే లెవెల్ డిప్‌స్టిక్ మీది హాట్ గీతల మధ్య ఉందో లేదో చూడాలి. ఎక్కువైతే నురగ కట్టి ప్రెషర్ పడిపోతుంది. డిప్‌స్టిక్ లేని కొత్త బండ్లలో ఫ్లూయిడ్ వేడిని కొలిచి చెక్ ప్లగ్ దగ్గర లెవెల్ చూడాలి. ఆ వేడి చూపించే స్కానర్ లేకుండా వాటి జోలికి వెళ్లమని నేను చెప్పను.

హోస్ట్: పాతది మొత్తం పోయినట్టేనా?

అతిథి: లేదు, సగానికి పైగానే టార్క్ కన్వర్టర్లో, పైపుల్లో ఉండిపోతుంది. అందుకే కొన్ని వేల మైళ్ల తర్వాత మళ్లీ డ్రెయిన్ చేసి పోశాను. ఈసారి పాన్ విప్పలేదు. పాత ఫ్లూయిడ్‌ను ఖాళీ సీసాల్లో నింపి ఆటో పార్ట్స్ షాపులో ఇచ్చాను, డబ్బులేం తీసుకోలేదు.

హోస్ట్: లక్షన్నర మైళ్లు తిరిగినా ఒక్కసారీ మార్చని బండి అయితే?

అతిథి: గేర్లు బాగానే పడుతుంటే ఇలా డ్రెయిన్ చేసి పోసుకోవచ్చు. మెషిన్‌తో ఒత్తిడి పెట్టి ఫ్లష్ చేయించడం నాకిష్టం లేదు. గేర్లు ఇప్పటికే పట్టు జారి స్లిప్ అవుతుంటే మాత్రం క్లచ్‌లు అరిగి ఉండొచ్చు, కొత్త ఫ్లూయిడ్ వాటిని తిరిగి తేలేదు. ముందు మెకానిక్‌కు చూపించండి.